కట్టు విప్పని కత్తి

"ఈ ఇంట్ల ఉల్లిగడ్డ కోసే కత్తికి తప్ప అన్ని కత్తులకు నూనె రాస్తరత్తా!"

దసరా పొద్దున చిల్కానగర్‌లోని ఆ ఇంట్లో గట్టిగా వినపడ్డ మొదటి మాట అదే. వంటింట్లో మొండికత్తితో పద్మావతి తిప్పలు పడుతుంటే, ఆమె మొగుడు కొమురెల్లి వాకిట్లో పాత దుప్పటి పరిచి తన ఆయుధాలను వరుసగా పేర్చుకుంటున్నాడు. తల్వార్లు, కటార్లు, వంకర తిరిగిన జంబియాలు. నాచారం ఫ్యాక్టరీలో అతను ఇన్‌స్పెక్టర్. మిషన్ల మీద తయారైన సామానులో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. గురువారం వచ్చిందంటే జుమ్మేరాత్ బజార్‌కు పోయి తుప్పు కుప్పల్లోంచి పాత కత్తులు ఏరుకురావడం అతని పిచ్చి.

గడప దగ్గర బంతిపూల దండ గుచ్చుతున్న సత్తమ్మ కొడుకు వైపు చూసి నవ్వింది. "మొగోడివైతే ముందుగాల దాని కత్తికి సానవట్టు బిడ్డా."

"గది కత్తి కాదమ్మా, రేకు ముక్క. కత్తంటే గిది, సూడు."

కొమురెల్లి ఒక తల్వారును ఎండలోకి పట్టి, నిమ్మచెక్కతో మెల్లగా రుద్దాడు. నల్లటి ఉక్కు మీద నీళ్లలో అలల్లా సన్నటి గీతలు తేలాయి.

"జౌహర్ అంటరు దీన్ని. పాత ఉక్కుకే వస్తది. పిడి లోపల లక్క పోసి బిగిస్తరు. వెల్డింగ్ కనవడ్డదంటే దొంగ మాలే. ఇప్పుడు లారీ కమాను పట్టీలు సాగగొట్టి నవాబుల కత్తులని అమ్ముతున్నరు. నా దగ్గర నడవయి. ఇనుము నాకు అబద్ధం చెప్పదు."

"మనుషులు చెప్తరు లే," అంది పద్మావతి లోపల్నుంచి.

కొమురెల్లి పట్టించుకోలేదు. "అమ్మా, పదకొండింటికి తార్నాక నుంచి వెంకటరామయ్య సార్ వస్తున్నడు. పాత ఆయుధాల ఎగ్జిబిషన్ పెడుతున్నరు. తాత కత్తి సూపిస్తనని మాటిచ్చిన. ఇయ్యాల కట్టు విప్పుదం."

సత్తమ్మ చేతిలో సూది వేలిలోకి దిగింది.

దేవుడి గూటి కింద, రెండు మేకుల మీద ఆనించి, ఎర్రగుడ్డలో చుట్టిన పొడుగాటి మూట ఉంది. ఆమె మామ రజాకార్ల కాలంలో దొర గడీ మీదికి పోయి తెచ్చిన కత్తి. మళ్లీ రక్తం చూడొద్దని ఆయనే దాన్ని గుడ్డలో చుట్టాడు. కట్టు విప్పితే ఇంట్లో కొట్లాట లేస్తుందని, తప్పక విప్పితే ఏదో ఒకటి తెగందే మళ్లీ చుట్టొద్దని చెప్పి పోయాడు. అప్పటి నుంచి ప్రతి దసరాకు ఇంటి కోడలు పాత గుడ్డ తీయకుండా దాని మీదే కొత్త ఎర్రగుడ్డ చుట్టి, కుంకుమ పెట్టడం ఆచారం.

ఆ గుడ్డల లోపల కత్తి లేదు. సత్తమ్మకు తెలుసు. అక్కడ ఉన్నవి విరిగిన కిటికీ సలాకలు రెండు. పెట్టింది ఆమే.

కొమురెల్లి చిన్నప్పుడు మిల్లుకు తాళం పడ్డది. మిల్లులో దారం పని చేసే ఆమె మొగుడు సాంబయ్య, మగ్గాల మీద పని దొరుకుతుందేమోనని బొంబాయి దగ్గరి భీవండి పోయాడు. నెలలు గడిచాయి. పైసా రాలేదు, కబురు రాలేదు. అత్త గుడ్డి కళ్లతో గోడకు ఆనుకొని కూర్చునేది, పిల్లగాడు మట్టి తినేవాడు. పాతసామాన్లోడు వీధిలోకి వచ్చిన రోజు సత్తమ్మ ఆ మూట విప్పింది. కత్తి తీసుకొని వాడు కుంచాలతో జొన్నలు పోసి పోయాడు. ఆమె సలాకలను గుడ్డలో చుట్టి, దారంతో పీటముడి వేసి, ఎక్కడిది అక్కడే పెట్టింది. ఆ తర్వాత ఏ దసరా పండుగ ఆమెకు పండుగలా గడవలేదు. మూట వైపు సరిగ్గా చూడకుండానే కొత్త గుడ్డ చుట్టేది.

"వద్దు బిడ్డా," అంది పైకి. "మీ నాయిన ఒప్పుకోడు."

"ఒప్పుకోకపోతే ఒప్పిస్త."

వెంకటరామయ్య స్కూటర్ దిగి లోపలికి వచ్చాడు. తెల్ల లాల్చీ, జేబులో భూతద్దం. కొమురెల్లి ఆయనకు కుర్చీ వేసి, గూటి కింది మూటను రెండు చేతులతో ఎత్తి తెచ్చి దుప్పటి మీద పెట్టాడు.

గోడ పక్క మంచంలో సాంబయ్య దగ్గుతూ లేచి కూర్చున్నాడు. మిల్లు దూది ఆయన ఊపిరితిత్తుల్లో ఇల్లు కట్టుకుంది. "ఎక్కడిదక్కడ పెట్టు కొమురెల్లీ."

"నాయినా, దాంట్ల ఏమున్నదో నీకు తెల్వదు. అది జౌహర్ కత్తయితే హైదరాబాద్ అంతా సూస్తది. తాత పేరు రాసి పెడ్తరు."

"మీ తాతే వద్దన్నడు."

"దయ్యానికి భయపడ్డట్టు నువ్వు గుడ్డ మూటకు భయపడుతున్నవు! సార్ ఇంత దూరం వచ్చిండు. నా ఇజ్జత్ తీస్తవా?"

"పెద్దవారికి ఇష్టం లేకపోతే వద్దులే కొమురెల్లీ," అని వెంకటరామయ్య ఇబ్బందిగా కదిలాడు.

"మీరు కూసోండి సార్. ప్రతి ఏడు గిదే ముచ్చట. నేను కొన్న ఇనుముకే గింత ఫికర్ చేస్త, నా సొంత తాత కత్తిని నేను సూడొద్దా?"

సాంబయ్య మెల్లగా భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సత్తమ్మా. విప్పమంటవా?"

ఆ చూపులో ఏదో ఉంది. ఆమెకు అర్థం కాలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు. విప్పమంటే సలాకలు బయటపడతాయి. ఆమె తల దించి దండలో ఇంకో పువ్వు గుచ్చింది.

"సరే. విప్పు," అన్నాడు సాంబయ్య కొడుకుతో, అలసిపోయినట్టు.

కొమురెల్లి గుడ్డలు తీయడం మొదలుపెట్టాడు. పైది నిన్న మొన్న కొన్నట్టుంది. దాని కిందిది కాస్త వెలిసింది. ఒక్కో గుడ్డ తీస్తుంటే ఒక్కో ఏడు వెనక్కి పోతున్నట్టు అనిపించింది సత్తమ్మకు. కొడుకు పెళ్లయిన ఏటి గుడ్డ. అత్త పోయిన ఏటిది. నీళ్లు లేక ఉప్పల్ దాకా బిందెలు మోసిన ఏటిది. వాకిట్లో ఎర్రగుడ్డల కుప్ప లేచింది. పాత కుంకుమ రాలి కొమురెల్లి చేతులు ఎర్రబడ్డాయి.

చివరి గుడ్డ మిగిలింది. నల్లబడి, మాసిపోయిన గుడ్డ. సత్తమ్మ కళ్లు మూసుకోబోయి ఆగిపోయింది.

ఆ గుడ్డ మీది దారపు ముడి ఆమె వేసింది కాదు.

ఆమె వేసింది పీటముడి, లావుగా ఉబ్బినట్టు. ఇది చిన్నగా, చదునుగా, కొసలు లోపలికి అణిగి ఉంది. మిల్లులో తెగిన దారాన్ని అతికే ముడి. ఆ ఇంట్లో ఆ ముడి వేయడం ఒక్కరికే వచ్చు.

కొమురెల్లి బ్లేడుతో దారం కోశాడు. గుడ్డ జారింది. సలాకలు కాదు, తోలు ఒర. ఒరలో కత్తి.

సత్తమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు.

"మస్తున్నది!" కొమురెల్లి కత్తి దూశాడు. ఎండలోకి పట్టాడు. నిమ్మచెక్క రుద్దాడు. మళ్లీ రుద్దాడు. అలలు రాలేదు. వేలితో అంచు తడిమి, పిడిని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. అతని ముఖంలో రంగు మారింది.

"సానరాయి గీతలు. పిడి కింద వెల్డింగ్." కత్తిని తిప్పి చూశాడు. "గీడ పూడ్చిన బోల్టు బొక్క. సార్, ఇది కమాను పట్టీ. లారీ కమాను పట్టీ!"

వెంకటరామయ్య భూతద్దం తీయనే లేదు. చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"తాత కత్తి ఏమాయె?" కొమురెల్లి తండ్రి మీదికి వచ్చాడు. "చెప్పు నాయినా! గందుకేనా విప్పనియ్యలే? అమ్ముకున్నవా? ఎన్ని సీసాలకు పోయింది తాత పరువు?"

"ఓ మనిషీ! పండుగ పూట ఏం మాటలు?" పద్మావతి పరుగెత్తుకొచ్చింది.

"నువ్వుండు. ఇన్నేండ్లు మాతో తుప్పు పట్టీకి దండం పెట్టించిండు!"

సాంబయ్య తల ఎత్తాడు. దగ్గు ఆపుకొని, చాలా మామూలుగా అన్నాడు. "అవ్ బిడ్డా. నేనే అమ్మిన. తాగిన."

ఆయన కల్లు ముంత కూడా ముట్టని మనిషని ఆ వీధి మొత్తానికి తెలుసు. కొమురెల్లికీ తెలుసు. కానీ కోపంలో ఉన్నవాడికి ఒప్పుకోలు చాలు. "థూ" అన్నాడు.

ఆ ఒక్క శబ్దంతో సత్తమ్మ లేచి నిలబడింది. ఒళ్లోని బంతిపూలు చెల్లాచెదురయ్యాయి.

"ఎవని మీద ఉమ్ముతున్నవ్ రా? అమ్మింది నేను! తిన్నది నువ్వు!"

కొమురెల్లి చేతిలో కత్తి కిందికి వాలింది.

"మీ నాయిన భీవండి పోయిండు. నువ్వు మన్ను తింటున్నవు. కత్తి ఇచ్చి జొన్నలు తీసుకున్న. గటుక కాసి పోసిన. గింజ గింజ నీ కడుపులకే పోయింది. నీ తాత కత్తి యాడున్నదని అడుగుతున్నవ్ కదా? నీ ఒంట్ల ఎముకలల్ల ఎతుక్కో పో!"

వెంకటరామయ్య చప్పుడు కాకుండా లేచి, చెప్పులు తొడుక్కొని, స్కూటర్‌ను గేటు బయటి దాకా తోసుకుంటూ పోయాడు. ఎవరూ ఆపలేదు.

సత్తమ్మ మంచం దగ్గరికి నడిచింది. "నేను సలాకలు పెట్టిన. కత్తెట్లొచ్చింది?"

"భీవండి నుంచి వచ్చినంక మూట లేవట్టిన," అన్నాడు సాంబయ్య. "చేతికి వేరే తీరుగ తాకింది. విప్పి సూసిన. మా అవ్వ దసరాకు దాన్ని ఒళ్లె పెట్టుకొని తడిమేది, యాదున్నదా? సలాకలు చేతికి తాకితే నిన్ను ఇంట్ల ఉండనిచ్చేదా? లాలాపేట్ కమ్మరాయన కాళ్లు పట్టుకొని కొట్టించిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వే చెప్తవని సూసిన." ఆయన గొంతులో ఇన్నేళ్లూ దాచిన చేదు పొంగింది. "దసరా వచ్చినప్పుడల్ల నీ మొఖం సూసేది. ఇయ్యాల చెప్తది, ఇయ్యాల చెప్తది అని. నువ్వు కొత్త గుడ్డ చుట్టేదానివి. ఆకలికి అమ్మినవు, దానికి కోపం లేదు సత్తమ్మా. నన్ను పరాయోడి లెక్క సూసినవు. జరసేపటి కింద గూడ అడిగిన. అప్పుడు గూడ నోరు తెరవలే."

"నువ్వు మంచోడివే!" ఆమె ఏడుస్తూనే విరుచుకుపడింది. "అన్నీ తెలిసి నన్ను భయంల ఉంచినవు. పండుగ వస్తే నాకు జ్వరమొచ్చేది. సూసుకుంట కూసున్నవు! నీకు ఓర్పు అనిపించింది గది. నాకు శిక్ష!"

అది ఆమెకు శిక్ష అవుతుందని సాంబయ్య ఎన్నడూ అనుకోలేదు. చాలాసేపు దగ్గాడు. ఎప్పటిలా ఆమె వీపు రాయలేదు.

కొమురెల్లి ఆ కత్తి పట్టుకొని గడప మీద కూలబడ్డాడు. వెల్డింగ్ గుర్తుపట్టాడు, సానరాయి గీతలు గుర్తుపట్టాడు, తండ్రి అబద్ధాన్ని మాత్రం పట్టలేకపోయాడు. తండ్రి కాళ్ల మీద పడదామనుకున్నాడు గానీ మొహం చెల్లలేదు. "నాయినా..." అన్నాడు.

"నాతో మాట్లాడకు ఇప్పుడు," అన్నాడు సాంబయ్య. కాసేపాగి, "పద్మావతమ్మా, గుమ్మడికాయ ఉన్నదా? కట్టు విప్పినం. ఏదన్న తెగందే చుట్టొద్దు."

పద్మావతి బూడిద గుమ్మడికాయ తెచ్చి, బొట్టు పెట్టి వాకిట్లో ఉంచింది. కొమురెల్లి కత్తిని తండ్రికి అందించబోయాడు. ఆయన గడ్డంతో సత్తమ్మను చూపించాడు.

ఆమె రెండు చేతులతో పిడి పట్టుకొని వేసింది. కమాను పట్టీకి పదును తక్కువ. సగం దిగి ఆగింది. పళ్లు కరిచి మళ్లీ వేసింది. కాయ రెండు చెక్కలై దొర్లింది. ఆమె అక్కడే కూర్చొని, కొంగు నోట్లో కుక్కుకొని, ఇన్నేళ్ల దసరాలకు కలిపి ఒకేసారి ఏడ్చింది.

ఎవరూ ఊరుకోమనలేదు.

కొంతసేపటికి లేచి కళ్లు తుడుచుకుంది. కత్తిని తుడిచి, ఒరలో పెట్టి, వాకిట్లో పడున్న గుడ్డల కుప్పలోంచి ఆ మాసిన గుడ్డనే వెతికి తీసి చుట్టింది. తెగిన దారం రెండు కొసలు కలిపింది గానీ ముడి జారిపోయింది. కొమురెల్లి ముందుకు వంగాడు.

"నువ్వు కాదు," అంది.

మంచం కిర్రుమంది. సాంబయ్య గోడ పట్టుకొని దిగివచ్చి, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆమె ముఖం చూడలేదు. దారం కలిసిన చోట తన వేలు అదిమి పెట్టాడు.

ఆమె ఆ వేలి మీదుగా ముడి బిగించింది.