చూపుల కుండ

అసిరి రోట్లో చోళ్లు దంచుతోంది. రోకలి పైకి లేచినప్పుడల్లా ఒక గోరువంక గెంతుకుంటూ వచ్చి, చిందిన గింజ కరుచుకుని, రోకలి దిగేలోపు వెనక్కి గెంతుతోంది. దాని ఒడుపు చూసి అసిరికి నవ్వొచ్చింది. పక్కనే కూర్చున్న చెల్లెలు బంగారి మాత్రం నవ్వలేదు. పిట్ట ఆమె కాలివేళ్ల మీదుగానే వెళ్లింది. బంగారి కళ్లు తెరుచుకునే ఉన్నాయి గానీ వాటిలో చూపు లేదు.

తామరకొండ రాజ్యంలో పిల్లలందరికీ అదే గతి పట్టింది. అడవిలో పులి తిరుగుతోందని రాజుగారు ఊళ్ల చుట్టూ ఎత్తైన గోడలు కట్టించి, పిల్లలెవరూ బయటికి రాకూడదని ఆజ్ఞ వేశారు. ఆ తర్వాతే వాళ్ల కళ్లు ఒక్కొక్కరివిగా మసకబారాయి. మేకలు మేపడానికి, కాపరులకని వదిలిన సందులోంచి రోజూ గోడ దాటే అసిరికి మాత్రం ఏమీ కాలేదు. నల్లకోన భూతం పిల్లల చూపులన్నీ ఒక కుండలో దాచుకుందని ఆస్థాన జ్యోతిష్కుడు చెప్పాడు. కుండ తేవడానికి వెళ్లిన సైనికుల్లో కొందరు భయపడి పారిపోయి వచ్చారు, మిగిలినవారు రానేలేదు. కుండ తెచ్చినవారు ఏది కోరితే అది ఇస్తామని ఆ పూట కూడా దండోరా వినిపించింది.

అసిరి రోకలి గోడకు ఆనించింది. "అమ్మా, నానెల్తాను."

"నీకు మతిగాని పోయిందేటే? కత్తులోళ్లే రాలేదు. మేకలు కాసే గుంటవి, నువ్వేటి సేత్తావు?"

"సూత్తాను. నాకొచ్చిన పని అదే కదా."

అమ్మ తిడుతూనే సొరకాయ బుర్రలో అంబలి పోసి ఇచ్చింది.

నల్లకోన మొదట్లో ఎండిపోయిన వాగు ఉంది. అసిరి గులకరాళ్ల మీద కాలు పెట్టబోయేసరికి తీతువు పిట్ట ఒకటి గుండె అదిరేలా అరిచింది. తీతువు అరుపు చావుకు సూచన అని ఊళ్లో అంటారు. సైనికులు వదిలేసి పరుగెత్తిన తలపాగాలు, చెప్పులు ఒడ్డున అలాగే పడి ఉన్నాయి.

అసిరి పరుగెత్తలేదు, గట్టు మీద కూర్చుంది. పిట్ట రెక్క విరిగినదానిలా ఈడ్చుకుంటూ ఎడమవైపు పోయింది. అసిరి కుడివైపు జరిగితే మాత్రం రెక్క సంగతి మరిచిపోయి, నెత్తి మీదికి ఎగిరొచ్చి అరిచింది. "ఓహో, ఇటేపు ఏదో దాసేవన్నమాట!" అనుకుంటూ ఆమె కుడివైపు రాళ్లను ఒక్కొక్కటే చూసింది. గులకరాళ్లలాగే మచ్చలున్న గుడ్లు వాటి మధ్య కనిపించాయి. ఆమె దూరంగా చుట్టు తిరిగి వాగు దాటింది.

అవతలి ఒడ్డున రాళ్లగుట్ట ఒకటి ఒళ్లు విరుచుకుని లేచింది. తీగల జుట్టు, గంపంత పొట్ట! భూతమే. దాని చంకలో మూత కట్టిన కుండ ఉంది.

"గుడ్లు తొక్కకుండా వచ్చావే! సరే, అటు చూడు" అంటూ ఒక చెట్టును చూపించింది. చెట్టు తొర్ర మట్టితో మూసేసి ఉంది. సన్నటి చీలికలోంచి ఒక పెద్ద ముక్కు బయటికొచ్చి ఆడుతోంది. "ఆ లోపలిదానికి ఏది మేలో అది చెయ్. తప్పు చేశావో, వీళ్ల పక్కన నువ్వూ పుట్టవైపోతావు."

చుట్టూ మనిషెత్తు చీమల పుట్టలున్నాయి. వాటిలో కొన్నింటికి మీసాలు కూడా ఉన్నాయి!

పిట్ట బందీగా ఉందనుకుని అసిరికి జాలి వేసింది. మట్టి పగలగొడదామని రాయి ఎత్తింది. అంతలో ఆ ముక్కే లోపలినుంచి చీలిక అంచుకు మట్టి మెత్తడం ఆమె కంటపడింది. రాయి దించి కూర్చుంది. కాసేపటికి, ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టుకున్నట్టున్న పెద్ద పిట్ట వచ్చి వాలింది. గొంతులోంచి మేడిపళ్లు ఒక్కొక్కటే తీసి చీలికలో అందించి ఎగిరిపోయింది. పొద్దు వాలేదాకా అదే పని.

"ఏమే, నీకు జాలి లేదా?" అని భూతం దెప్పింది.

"ఉంది కాబట్టే రాయి దించేను. ఆ గోడ అదే కట్టుకుంది. లోపల పిల్లలున్నాయేమో, పాములు రాకుండా తలుపేసుకుంది. దానికి పళ్లు కావాల, మనం అల్లరి సెయ్యకుండా ఉండాల."

"మరి ఎప్పటికీ లోపలేనా?"

"పక్క చెట్టుకి పాత తొర్రుంది, సూడు. మట్టంతా బయటికి రాలింది. లోపల్నుంచి పొడుసుకుని వచ్చేసినట్టే కదా? ఏళ వస్తే ఈ తలుపునీ అదే తీసుకుంటాది."

భూతం పొట్ట ఊగేలా నవ్వింది. పుట్టలు ఫెళ్లున విరిగి, సైనికులు మీసాలు దులుపుకుంటూ బయటికొచ్చారు.

"ఇంద, కుండ. నేను దొంగను కాను పిల్లా! గోడల మధ్య పనిలేక పడున్న చూపులు గాలికి కొట్టుకొస్తే ఏరి దాచాను. వాడకపోతే మళ్లీ నా దగ్గరికే వస్తాయి. అప్పుడు ఇవ్వను."

ఊళ్లో కుండ మూత తీయగానే మిణుగురుల్లా చూపులు ఎగిరి ఎవరి కళ్లలోకి అవి దూరాయి. "అక్కా, నీ ముక్కుకి మట్టి!" అంది బంగారి మొదటిమాటగా.

రాజుగారు సంతోషించి ఏం కావాలో కోరుకోమన్నారు.

"గోడకి తలుపులు పెట్టించండి దొరా. రోజూ తెల్లారగట్ట ఊరి పిల్లల్ని కొండ కిందికి తీసుకెళ్లి పిట్టల్నీ చెట్లనీ సూపిత్తాను. ఇంటికొక పెద్ద తోడు రావాల."

"ఇంతేనా? ఒక ఊరు అడుగుతావనుకున్నానే!" అంటూ రాజుగారు తలుపులు పెట్టించారు. పులి రాకుండా డప్పులవాళ్లను కూడా కాపలా ఉంచారు.

కానీ పిల్లలెవరూ రాలేదు. "నీ తల్లే నీ చెల్లిని పంపలేదు, మేమెలా పంపుతాం?" అన్నారు ఇరుగుపొరుగు. నిజమే. పులి భయంతో అమ్మ బంగారిని వసారా కూడా దాటనివ్వడం లేదు. అసిరి ఎంత చెప్పినా ఒక్కటే మాట: "అది నా కళ్లెదుటే ఉండాల." అసిరి రోజూ ఒక్కతే తలుపు దాకా వెళ్లి వస్తోంది.

ఒకనాడు చీకటితో లేచిన బంగారి నీళ్లముంత కోసం చెయ్యి చాచింది. పొయ్యి వెలుగులో ముంత ఒకవైపు కనిపిస్తూనే ఉంటే చెయ్యి ఇంకోవైపు తడిమింది. "అమ్మా, ముంతేదే?" అంది. పొయ్యి రాజేస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె బంగారి కళ్లలోకి చాలాసేపు చూసింది.

అమ్మ పొయ్యి ఆర్పేసింది. బంగారి చెవులకు చలి తగలకుండా గుడ్డ చుట్టింది. మూలనున్న దుడ్డుకర్ర ఒక చేత్తో, బంగారి చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుంది. ఎదురింటి అరుగు మీద పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు మాటలాపి చూస్తుండగానే గడప దిగి కొండవైపు నడిచింది.