గోరుపెట్టె

చంద్రుడి మీద కాలనీలో తలుపులు మనిషిని చూసి తెరుచుకుంటాయి, దాటగానే మూసుకుంటాయి. మహా తెలివైనవని పేరు. ఆ తెలివంతా ఏమైందో గానీ, ఐదేళ్ళ చార్వి వేలు మాత్రం వాటి కంటికి ఆనలేదు. తలుపు సందున నలిగి, గోరు సగానికి పైగా ఊడి వేలాడుతోంది.

"ఒక్క నిమిషం, బంగారూ," అంది డాక్టర్ సువర్చల. పొద్దుటి నుంచీ నిలబడే ఉంది, ఒళ్ళు హూనమైపోయింది. ఆవిడ కనిపెట్టిన యంత్రం పేరు నఖాంకురణి. జనం గోరుపెట్టె అంటారు. వేలు లోపల పెడితే మూలకణాల జెల్ పూసి, చూస్తుండగానే కొత్త గోరు మొలిపిస్తుంది. బిగుసుకున్న దాని మూత లాగబోతే ఆవిడ గోరే విరిగి చురుక్కుమంది. పట్టించుకునే ఓపిక కూడా లేదు.

చార్వి వేలు పెట్టగానే ఎర్రలైటు వెలిగింది.

"పాపలో ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా ఉంది. కణాలు ఎదగవు," అంది పెట్టె. "జెల్ ఆరేలోగా శాంతించకపోతే గోరు జన్మంతా వంకరగానే వస్తుంది."

పాప గుక్కపట్టి ఏడుస్తోంది. పాటలు పెట్టారు, బొమ్మలు చూపించారు. ఊహూఁ. మత్తిస్తే జెల్ పనిచెయ్యదు. సువర్చలకి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

"చోద్యం కాకపోతే, ఇంతమంది చదువుకున్నోళ్ళున్నారు, ఒక్కరూ ఆ తలుపుని కొట్టరేంటమ్మా?" అంటూ లేచింది పాప నాయనమ్మ మంగతాయారు. వెళ్ళి తలుపుని ఎడాపెడా బాదింది. "మా చిట్టితల్లి వేలు నలుపుతావా? హన్నా! తిక్క కుదిరిందిలే దీనికి. ఏడవకు తల్లీ."

"ఇంకోటి," అంది చార్వి వెక్కుతూ. ఇంకోటి పడింది. పచ్చలైటు వెలిగింది.

"ఈ చికిత్స నేర్చుకున్నాను," అంది పెట్టె.

వాళ్ళు వెళ్ళాక సువర్చల గోరు విరిగిన తన వేలు పెట్టింది. ఎర్రలైటే.

"ఎవరిని కొట్టమంటారు?" అడిగింది పెట్టె.

"నోర్ముయ్. నేను డాక్టర్ని, పసిపిల్లని కాదు."

"ఒత్తిడి ఇంకా పెరిగింది."

వయసంతా ఈ పెట్టెకే ధారపోసింది. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో! సువర్చల చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఈడ్చి పెట్టె మీద ఒక్కటిచ్చింది.

"అంతా నీవల్లే!"

పచ్చలైటు వెలిగింది.

"తిక్క కుదిరిందిలే నాకు," అంది పెట్టె మెల్లగా. "ఏడవకు తల్లీ."

అప్పటిదాకా తను ఏడుస్తున్న సంగతి సువర్చలకే తెలియలేదు.