చంద్రగిరి చెమ్మగోడ

చంద్రగిరి కోటవీధి మలుపులో ఒక పెంకుటిల్లు ఉండేది. దీపాలు పెట్టాక ఆ మలుపు తిరగాలంటే మీసాలున్న మగవాళ్లు కూడా గట్టిగా దగ్గుకుంటూ నడిచేవాళ్లు. ఆ ఇంటి గోడ రాత్రిళ్లు ఏడుస్తుందని పేరు.

డెబ్బైల్లో వానలు మొహం చాటేసిన ఏడాది అది. బావుల్లో బురద తేలింది. ఊళ్లో గోడలన్నీ ఎండి పగుళ్లిస్తుంటే, ఆ వెనక గది గోడకు మాత్రం చెమ్మ... ఒక్కోరోజు ఆరిపోయేది. తెల్లారేసరికి మళ్లీ తడి.

అంతకుముందు ఆ ఇంట్లో బాడుగకున్న దేవనాథన్ కూతురు విషజ్వరంతో పోయింది. ఆ దంపతులు పక్కవీధికి మారిపోయారు. పోయిన పిల్ల దాహమని వస్తోందన్నారు జనం. మనవాళ్లకు దెయ్యాన్ని పుట్టించడానికి ఇంకేం కావాలి!

ఆ ఇల్లే మా చిన్నాయన వరదయ్య బాడుగకు తీసుకున్నాడు. చంటిబిడ్డతో పుట్టింట్లో ఉన్న పిన్నమ్మ మాత్రం, గోడ ఆరితే తప్ప గడప తొక్కనంది. చిన్నాయన పెంకులు మార్పించాడు. గోడవతల తవ్వి చూశాడు. ఆకాశంలోనే లేని నీళ్లు గోడలోకి ఎలా వస్తున్నాయో అంతుపట్టలేదు. చివరికి మేస్త్రీ ఏకాంబరం, పాత పూతంతా కొట్టేసి సిమెంటు పూద్దామన్నాడు. మర్నాడే పని. పర్మిట్టు మీద దొరికిన సిమెంటు మూటలకు కాపలాగా చిన్నాయన ఆ రాత్రి ముందుగదిలో పడుకున్నాడు.

నడిరాత్రి... వెనక గదిలో చప్పుడు. తప్... తప్... తడిగుడ్డ అద్దుతున్నట్టు.

లేచి, తలుపు సందులోంచి చూశాడు.

ప్రమిద పక్కన ఒక ఆడమనిషి — పోయిన పిల్ల తల్లి, కల్యాణవల్లి. భర్తకు కొండమీద డ్యూటీ ఉన్న రాత్రుల్లో పెరటి తలుపు తోసుకుని వస్తోంది. ఆమె గుడ్డతో అద్దినచోటల్లా, సున్నం కిందనుంచి బొగ్గు గీతలు తేలుతున్నాయి. ఒక బస్సు బొమ్మ. కిందా చక్రాలే, పైనా చక్రాలే.

బిడ్డ పోయిన పదోనాడు మైల పోవాలని పెద్దలు ఇల్లంతా సున్నం కొట్టించారట. అప్పుడామె మంచం దిగే స్థితిలో లేదు. ఇల్లు ఖాళీ చేసేరోజు గోడమీద నీళ్లు చిందితే, కూతురు గీసిన బస్సు మళ్లీ కనిపించింది.

"గోడ కొట్టొద్దప్పా," అంది తలుపు దగ్గరున్న చిన్నాయనను చూసి, గుసగుసగా. "తడిపితేనే కనపడతాది... ఆరితే పోతాది."

ఆమె చేతిలోని గుడ్డకు సున్నంతో పాటు మసి కూడా అంటి ఉంది. చిన్నాయన ప్రమిద ఎత్తి ఆ మసిని చూశాడు.

"తుడిసినప్పుడల్లా గీత కూడా రాలిపోతా ఉండాది కదమ్మా..."

"తెలుసప్పా. ఈపొద్దు చూసుకోకుండా, రేపటికి దాచిపెట్టుకుని ఏం చేసుకునేది?"

తెల్లారి ఏకాంబరంతో, సిమెంటు గడ్డకట్టిపోయిందని అబద్ధమాడాడు చిన్నాయన. పిన్నమ్మతో ఏం చెప్పుకున్నాడో మాకు తెలియదు. అంత కరువులోనూ ఎక్కడినుంచో నీళ్లు మోసుకొచ్చి, సాయంత్రాలు ఆ గోడ దగ్గర నిండు బిందె పెట్టి వెళ్లేవాడు.

కొన్నాళ్లకు గోడ ఆరిపోయింది. పీడ వదిలిందని వీధి వీధంతా సంబరపడింది.

ఆ పొద్దున చిన్నాయన వెళ్లేసరికి, బిందె పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ నీళ్లతో తనే గోడంతా తడిపాడట... పైనుంచి కిందిదాకా, మళ్లీ మళ్లీ. ఎంతసేపు చూసినా మట్టే, ఒక్క బొగ్గు గీతా తేలలేదు.