టేబుల్ పక్కన సూపర్ కంప్యూటర్

"మీ మెషిన్ మీరే పట్టుకుపోండి," అంది జ్యోత్స్న ఫోనులో.

తాడేపల్లిగూడెంలో ఆ కంప్యూటర్ బిగించి అమ్మిన ఫణికిరణ్, మీ లెక్కలో తప్పుందేమో ఒకసారి చూశారా అండీ అని మెల్లగా అడిగాడు. ఆ మెల్లదనానికే ఆమెకు ఒళ్లు మండింది.

జ్యోత్స్నది పెదపాడు. ఏలూరులో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. తెల్లారేసరికి చెరువుల్లో గాలి చాలక చేపలు చచ్చి తేలుతుంటాయి. తక్కువ కరెంటుతో నీళ్లలో ఎక్కువ గాలి కలిపే ఏరియేటర్ చక్రం చేసి తీరాలని ఆమె పట్టుదల. ఏ రెక్క నీటిని ఎలా చిమ్ముతుందో రేకు కోయకముందే కంప్యూటర్లో తేల్చుకోవాలి. అంత లెక్క చేసే యంత్రం పెద్ద కంపెనీలకే ఉండేది. ఇప్పుడు టేబుల్ పక్కన పట్టేది, లెక్చరర్ కూడా కొనుక్కోగలిగేది వచ్చింది. అదేమో రోజూ మధ్యాహ్నం ఆగిపోతోంది. ఆదివారానికి డిజైన్ రాకపోతే పాతరకం చక్రాలే కొనేస్తానని చెరువుల నరసరాజు గారు చెప్పేశారు.

మర్నాడు ఆమె కాలేజీలో ఉండగా ఫణికిరణ్ మెషిన్ చూడ్డానికి పెదపాడులో వాళ్లింటికి వచ్చాడు. జ్యోత్స్న తల్లి రూతమ్మ అతనికి మజ్జిగ ఇచ్చి, నడుస్తున్న మెషిన్ మీద పూలు కుట్టిన గుడ్డ కవరు నిండా కప్పింది. ఇంట్లో టీవీకి, మిక్సీకి కూడా అలాంటివే ఉన్నాయి.

"దుమ్ము పడుతుంది కదా బాబూ. మా అమ్మాయి వచ్చేలోపు తీసేస్తాలెండి. దాని వస్తువులు ముట్టుకుంటే అరుస్తుంది."

గాలాడక వేడెక్కి ఆగిపోతోందని అతను చెప్పగానే ఆవిడ ముఖం పాలిపోయింది. అతను కవరు తీయించి, అమ్మాయికి చెప్పనులెండి అని మాటిచ్చాడు. సాయంత్రం ఫోన్ చేసి, ఫ్యాను సరిగా బిగించలేదు, తప్పు నాదేనండీ అన్నాడు. జ్యోత్స్న దులిపేసింది. కాలేజీకి కొందామనుకున్న మెషిన్ కూడా అతని దగ్గర వద్దని ప్రిన్సిపాల్‌తో చెప్పేసింది.

శనివారం లెక్క పూర్తయింది. నరసరాజు గారు కొత్త చక్రాలకే ఆర్డరిచ్చారు. ఆ సంబరంలోనూ కూతురు ఫణికిరణ్‌ను తిడుతుంటే రూతమ్మ ఇక ఆగలేక అంతా చెప్పేసింది.

సోమవారం జ్యోత్స్న ముందు ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి తన మాట వెనక్కి తీసుకుంది. తర్వాత వానలోనే తాడేపల్లిగూడెం బస్సెక్కి ఫణికిరణ్ షాపుకెళ్లింది.

"అన్ని మాటలు ఎందుకు పడ్డారండీ?"

"మీ అమ్మగారు భయపడ్డారు కదా." ఫణికిరణ్ నవ్వాడు. "మీరు తిట్టని రోజు నాకు తోచట్లేదు కూడానండీ."

ఇతనంటే ఇష్టమని ఆమెకు బస్సులోనే తెలిసిపోయింది. దాచుకోవడం ఇక ఆమె వల్ల కాలేదు. అతనివాళ్లు కోమట్లు, ఆమెవాళ్లు చర్చికెళ్లేవాళ్లు.

"మన పెళ్లంటే మీ నాన్నగారు ఒప్పుకోరు కదూ?"

"కష్టమేనండీ."

షాపు లోపలి గదిలో అతని తండ్రి పాండురంగారావు గారు పేపరు చదువుకుంటున్నారు. జ్యోత్స్న తడిసిన చున్నీ పిండుకుని వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"నమస్కారమండీ. మీ అబ్బాయిని పెళ్లి చేసుకుందామనుకుంటున్నానండీ. మిమ్మల్ని అడగడానికొచ్చాను."

ఆయన కళ్లజోడు తీసి, గుమ్మంలో బిగుసుకుపోయిన కొడుకును ఓసారి చూసి, తన కండువా ఆమెకు అందించారు.

"ముందు తల తుడుచుకోమ్మా. ఇది ఒక్కరోజులో తేలే మాట కాదు."

"రేపు కూడా వస్తానండీ," అంది జ్యోత్స్న, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.