అమ్మ ఎదురొచ్చిన కారు

“అయ్యో దేవుడా! నేనే ఎదురొచ్చినానా!”

మహాదేవమ్మ చేతిలోని చెంబు జారి గడప మీద పడింది. వాకిట్లో కారు చలిజ్వరం వచ్చిన మనిషిలా గడగడ వణికి, నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి, తలుపు చాటున నిలబడి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. భర్త పోయినప్పటి నుంచి, ఇంట్లో ఎవరు శుభానికి బయలుదేరినా ఆమె వంటింట్లోనే ఉండిపోయేది. ఎవరూ ఉండమనలేదు... తనంతట తనే ఉండిపోయేది! ఈరోజు మాత్రం మనసు ఊరుకోలేదు. కూతురిని తెచ్చేందుకు పోతున్న కారును కళ్లారా చూద్దామని ఒక్క అడుగు గడప దాటింది. అంతే!

ఆ కూతురు ప్రమీలమ్మ కోయిలకుంట్లలో అత్తవారింట్లో ఉంది. తొమ్మిదో నెల. తొలిచూలుకు పుట్టింటికి తెస్తుంటే ఎద్దులు బెదిరి బండి గుంతలో పడింది. కడుపులో బిడ్డ దక్కలేదు. అప్పటి నుంచి ఆమె మామ పెద్దసుబ్బయ్యది ఒకటే మాట! “బండిలో పంపను, బస్సులో పంపను. మెత్తటి కారు తెస్తే తీసుకుపోండి. లేదంటే కాన్పు ఈడనే!” రేపటి నుంచి మూఢం. ఈరోజు దాటితే పిల్ల పుట్టింటికి రాదు. వియ్యాలవారి ఇంటికి పోయి మకాం పెట్టడం మర్యాద కాదు. నొప్పులొచ్చిన వేళ ‘అమ్మా!’ అని పిలిస్తే... పలకడానికి ఈ అమ్మ పక్కన ఉండదు!

అందుకే బేతంచెర్లలో నాపరాళ్ల వ్యాపారం చేసే కొడుకు అనంతయ్య హైదరాబాదు నుంచి పాత అమెరికా కారొకటి తెచ్చాడు. దానికి క్లచ్చి లేదు. గేర్లు వాటంతటవే పడతాయి. కొత్తలో నీళ్ల మీద పడవలా పోయేది. దాన్ని చూసి మురిసిపోయిన మహాదేవమ్మకు వెంటనే భయమేసింది. తల్లి దిష్టి మరీ చెడ్డదంటారు కదా! ఉప్పు, మిరపకాయలు, బొగ్గు నల్లగుడ్డలో మూటకట్టించి, తన చేయి తగలకూడదని కోడలు సుందరలక్ష్మి చేత ఇంజను మూత కింద వేలాడదీయించింది. ఆ ఊళ్లో దిష్టిమూట లేని లారీ ఏది? అయినా కొన్నాళ్లకే కారుకు రోగం పట్టుకుంది. నిలబడిన చోట వణుకు! ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు. కదిలినా గేరు పడేటప్పుడు ఎవరో వెనక నుంచి గుంజినట్టు ఒకటే కుదుపు. ఆ కుదుపులో నెలలు నిండిన పిల్లను ఎలా తెస్తారు?

“నిలిపి చూస్తే అన్నీ బాగుండాయి. గేర్ల నూనె నిండుగా ఉండాది. దీనికేం మాయరోగమో!” అని అనంతయ్య తల పట్టుకున్నాడు.

సుందరలక్ష్మి తలుపు వెనక్కి వచ్చింది. “అత్తా, బయటికి రాండి.”

“నేను రానమ్మా! నా మొగం చూసే అది ఆగిపాయ...”

“మొగం చూసేదానికి కారుకు కండ్లుండాయా అత్తా? ఉండేవి రెండు లైట్లు. అందులో ఒకటి గుడ్డిది!”

“నగుబాట్లొద్దు తల్లీ! నా బిడ్డ ఒకసారి కడుపుకోత పడింది. మళ్లా నా వల్ల...”

“ఆ దినం మామ బతికే ఉండె కదత్తా! బండి ఈడనుంచి కదిలేటప్పుడు నిండా పసుపూ కుంకుమతో మీరే ఎదురొస్తిరి. నేను మీ పక్కనే ఉంటి. మరి ఆ బండి ఎందుకు పడె?”

అనేసి సుందరలక్ష్మి నాలుక కరుచుకుంది. మహాదేవమ్మ కొంగు దించి కోడలి వైపు చూసింది. ఇన్నాళ్లూ ఆ మాట తనకెందుకు తట్టలేదు? ఆనాడు ముఖాన ఇంత బొట్టు... చేతినిండా గాజులు... నిజమే కదా! కళ్ల నుంచి జలజలా నీళ్లు కారాయి. సుందరలక్ష్మి ఆమె చేయి పట్టుకుని నడిపించుకొచ్చి, కారు ముందు సీటులో కూర్చోబెట్టింది.

“ఏమండీ, ఇంజను పట్టించండి. ఈసారి నిలపొద్దు, నడుస్తాండగానే చూద్దాం. బిడ్డ ఏడ్చేటప్పుడు కదా నొప్పి యాడుండాదో తెలిసేది? నిద్రపోయినాక చూస్తే ఏం తెలుస్తాది?”

“ఓహో, మెకానిక్కమ్మ వచ్చె!” అంటూనే అనంతయ్య ఇంజను పట్టించాడు. కారు మళ్లీ వణికింది. కొంగు నడుముకు బిగించి సుందరలక్ష్మి మూత కిందికి తొంగి చూసింది.

“గుడ్డండీ! గుడ్డ!”

దిష్టిమూటకు వదిలిన పొడుగాటి కొస, ఇంజను గాలి పీల్చుకునే మూతికి అతుక్కుని ఉంది. ఇంజను తిరిగితే ఆ గాలికి గుంజుకుపోతుంది, ఆపితే విడిపోయి పక్కకు వేలాడుతుంది. ఆమె లాగేసింది. అంతే! కారు హాయిగా ఊపిరి పీల్చుకుని, మజ్జిగ చిలికే కవ్వంలా ఒకే తీరుగా తిరగసాగింది.

“ఎవరు వేసినారే ఆ ముడి?”

“నేనే! మీ అమ్మ తన చెయ్యి తగలకూడదని నా చేత కట్టించిరి కదా. సుమంగళి చెయ్యి తగిలిన భాగ్యం చూడండి మరి!”

మహాదేవమ్మకు ఏడుపులోంచి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకు నవ్వింది! ఆ నవ్వుతోనే కాళ్ల కింది చాప వైపు చూసింది. గేర్ల పెట్టెలోని నూనె కొలిచే కమ్మీ ఆ కారుకు ఆ చాప కిందే ఉంది.

“అప్పా, నూనె గూడా నడుస్తాండగానే చూడరాదా?”

“ఇప్పుడే చూస్తినమా, నిండుగా ఉండాది.”

“నిలిపి చూసినావు. మా బనగానపల్లె తోటలో ఎద్దుల్తో కపిల తోలి తోడేటప్పుడు బాయిలో నీళ్లు అడుక్కు పోతాండె. ఎద్దుల్ని నిలిపితే మళ్లా పైకొస్తాండె. నిలిచిన బాయిని చూసి నీళ్లు శానా ఉండాయంటే ఎట్లప్పా?”

అనంతయ్య ఈసారి ఇంజను ఆపలేదు. గేరు విడిపించి, చేతిబ్రేకు గట్టిగా పట్టి, కమ్మీ లాగి చూశాడు. కొసన కూడా తడి లేదు! ఇంజను తిరిగేటప్పుడు నూనె గేర్ల పెట్టెలో పైకెక్కుతోంది, ఆపగానే కిందికి దిగి నిండుగా కనిపిస్తోంది. కారుతో పాటు వచ్చిన నూనె డబ్బా డిక్కీలో మూత తీయకుండా అలాగే ఉంది. కొద్దికొద్దిగా పోస్తూ, కొలుస్తూ సరిచేశాడు. గేరు వేస్తే కారు మెత్తగా ముందుకు సాగింది.

“అమా!” అని అరిచాడు అనంతయ్య. “దిగొద్దు, నువ్వూ వస్తాండావు!” సుందరలక్ష్మి కూడా వెనక సీటులో ఎక్కింది.

కోయిలకుంట్లలో తల్లిని చూడగానే ప్రమీలమ్మ “అమ్మా!” అని చిన్నపిల్లలా ఏడ్చేసింది. పెద్దసుబ్బయ్య సీటును చేత్తో నొక్కి చూసి, వీధి చివరిదాకా ఎక్కి తిరిగొచ్చి, “పరవాలేదప్పా, మజ్జిగ గలాసు పెట్టినా తొణకదు” అని ఒప్పుకున్నాడు. ప్రమీలమ్మను వెనక సీటులో దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు.

“ఎవరన్నా ముత్తైదువ ఎదురు రాండమ్మా!” అని లోపలి నుంచి ఎవరో కేకేశారు. మహాదేవమ్మ అలవాటుగా గోడ వారకు తప్పుకుంది.

“అమ్మ ఎదురొస్తేనే నేను కదిలేది” అంది ప్రమీలమ్మ కారులోంచి.

వాకిట్లో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దసుబ్బయ్య తనే నీళ్ల చెంబు తెచ్చి మహాదేవమ్మ చేతికిచ్చాడు. “రా చెల్లెమ్మా. కన్నతల్లి కంటే మంచి శకునం యాడుండాది?”

చెంబు రెండు చేతులా పట్టుకుని మహాదేవమ్మ కారుకు ఎదురుగా నడిచింది. కాళ్లు వణికాయి... కారు మాత్రం వణకలేదు! నాలుగడుగులు మెల్లగా వచ్చి ఆమె పక్కనే ఆగింది. అనంతయ్య ముందు తలుపు తెరిచాడు.

ఆమె ఎక్కింది. వెనక నుంచి ప్రమీలమ్మ చేయి చాచి అమ్మ భుజం పట్టుకుంది. సుందరలక్ష్మి చెప్పే కబుర్లకు అందరూ నవ్వుతుండగా ఊరు దాటింది కారు. గేరు ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియలేదు.