కరెంటు పెట్టెలో మాడిన దుంపలు

కార్ఖానా క్యాంటీన్ వంటామె వస్తూనే టిఫిన్ గిన్నెను డిటెక్టివ్ బల్ల మీద పెట్టింది.

"మాడిన దుంపలండీ. నేనే మాడ్చానంటున్నారు. మధ్యాహ్నానికల్లా నా పెట్టె పగలగొట్టి పాత ఇనుముకి వేసేస్తారట. వెయ్యనివ్వను."

డిటెక్టివ్‌కు సహాయకురాలు ఆయన మేనకోడలే. ఏడుస్తూ వచ్చినవాళ్లను ఎందరినో చూసింది గానీ, ఇలా పోట్లాటకు వచ్చినట్టు వచ్చిన మనిషిని చూడడం ఇదే మొదలు. వంటామె ఆమెకు భలే నచ్చేసింది.

ఆ పెట్టె వంటామె తన చేతులతో చేసుకున్నది. రెండు కొసలా స్టీలు పలకలు, మధ్యలో దుంపలు, నీళ్లు. మంట ఉండదు. కరెంటు దుంపల్లోంచే పారి వాటిని ఉడికిస్తుంది. అది బాగా పనిచేస్తే పొయ్యిలు తీసేస్తానని మేనేజరు అన్నాడు.

డిటెక్టివ్ ఓ ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు.

"చప్పగా ఉంది. పదండి."

క్యాంటీన్‌లో పెద్ద వంటాయన చేతులు కట్టుకుని జవాబులు చెప్పాడు.

"ఆవిడ దుంపలు వేసి కూరగాయల బండి దగ్గరికెళ్లింది. కాసేపటికి పెట్టెలోంచి ఒకటే పొగ. నేనే ఆపాను. రుచి చూస్తే ఉప్పు కూడా లేదు. మహాతల్లి అదీ మర్చిపోయింది."

"ఉప్పు మీరెప్పుడు వేస్తారు?"

"దించేముందు. ముప్పై ఏళ్లుగా అంతే."

"మరి నువ్వమ్మా?"

"ముందే వేస్తానండీ. ఇవాళా వేశాను."

ఈ ఉప్పు గొడవేమిటో మేనకోడలికి అంతుపట్టలేదు. "ఏంటి మావయ్యా?" అంటే ఆయన నవ్వి పెట్టె దగ్గరికి నడిచాడు.

మేనేజరుతో సహా అందరినీ పెట్టె చుట్టూ నిలబెట్టి, అందులో ఉప్పు లేకుండా దుంపలు, నీళ్లు పోయించి స్విచ్చి నొక్కించాడు. అరగంట తర్వాత కరెంటు ఆపించి వేలు ముంచాడు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. గుప్పెడు ఉప్పు కలిపించి మళ్లీ నొక్కించాడు. చూస్తుండగానే నీళ్లు కుతకుతలాడాయి.

"ఉప్పు లేకపోతే కరెంటు సరిగా పారదు. ఉడకనివి మాడవు. ఈ చప్పటి దుంపలు పొయ్యి మీద మాడాయి, ఉప్పు చివర్లో వేసే చేతిలో. ఆవిడ దుంపలు పారబోసి ఇవి పెట్టెలో పోశారు. అవునా పెద్దాయనా?"

పెద్ద వంటాయన తల దించుకోలేదు.

"పొయ్యిలు తీసేస్తే నేనెక్కడికి పోవాలి?"

"అది మేనేజరు గారిని నిలదీసి అడగాల్సింది. ఆవిడ మీద నింద వేస్తారా?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"సరే, జరిగిందేదో జరిగింది. పెట్టె ఉంటుందిలే. రేపట్నుంచి యథాప్రకారం వండమ్మా."

వంటామె ప్లగ్గు పీకి, దుంపల్ని మేనేజరు ముందున్న గిన్నెలోకి వంచేసింది.

"దుంపలు మీవి, ఉంచుకోండి. పెట్టె నాది. నేను మాడ్చలేదని పొద్దున్నే చెప్పాను, మీరు నమ్మలేదు. నా మాటకి విలువలేని చోట నేను వండను."

ఆమె పెట్టె ఒక కొస పట్టుకుంది. ఎవరూ అడగకుండానే మేనకోడలు వెళ్లి రెండో కొస పట్టుకుంది.