ఆపరేషన్ మైనం

"మన కెమిస్టును చంపేశారు." చీఫ్ ఫోటోను ముందుకు తోశాడు. "ముడి ఆయిలు పైప్‌లైన్ పంపింగ్ స్టేషన్‌లో మన మనిషి. విదేశీ ముఠా అక్కడే ఏదో తలపెట్టింది."

డిపార్టుమెంటులో అందరూ డేగ అని పిలిచే ఆ ఏజెంట్ ఫోటో మీంచి తలెత్తాడు. "ఆ లైన్ వెళ్ళే ఊళ్ళోనే మా చెల్లెలు ఉంది సార్. నిన్ననే కాన్పయింది. బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉంది."

"తెలుసు. ఆ ఊరి కరెంటంతా ఈ ఆయిలు మీదే. అక్కడ నెమలి ఉంది, ముఠాలోకి దూరిన మన ఏజెంట్. ఆమె చెప్పినట్టు చెయ్యి."

దొంగ మీసం, చొక్కా గుండీలో రేడియో. ల్యాబ్ టెక్నీషియన్ వేషంలో డేగ స్టేషన్‌లో దిగాడు. బకెట్లో నీళ్ళు గడ్డకట్టే చలి. కెమికల్ కంపెనీ సేల్స్ ఆఫీసరుగా చలామణీ అవుతున్న నెమలి నవ్వితే సెక్యూరిటీవాళ్ళు గేటు వేయడం మరిచిపోతున్నారు. డేగ కూడా ఒక్క క్షణం వచ్చిన పని మరిచి, తనను తానే తిట్టుకున్నాడు.

"దుప్పటి తెచ్చారా?" అందామె. అది కోడ్.

"చిరిగిందే దొరికింది."

"అయితే వినండి. మెయిన్ వాల్వులో బాంబు పెట్టారు. మీ కార్డు చూపిస్తేనే వింటారు, వెంటనే పంపు ఆపించండి. లైన్ ఆగితేనే తియ్యగలం."

డేగ కంట్రోల్ రూమ్‌కు పరుగెత్తి డిపార్టుమెంటు ఐడీ కార్డు చూపించాడు. ఫోర్‌మన్ బిత్తరపోయినా స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఆగితే ఆయిల్లో మైనం గడ్డకట్టదా?" డేగ అడిగాడు.

"మందు కలుపుతున్నాం కదండీ, భయం లేదు. మేడమ్ పంపిన కొత్త సరుకు బంగారం! పాత మందు ఈ చలికి కొబ్బరినూనెలా బిగుసుకుపోయేది. డ్రమ్ముకి హీటర్ పెడితే గానీ కదిలేది కాదు. ఇదైతే నీళ్ళలా పారుతోంది."

డేగకు ఆ మాట పొసగలేదు. మైనాన్ని ఆపే అసలు మందు కూడా మైనంలాంటిదే; ఈ చలికి బిగుసుకోవలసింది పారడమేమిటి? పక్కనున్న ఆ మందు శాంపిల్ సీసా మూత తీసి వాసన చూశాడు. రంగు కలిపిన కిరసనాయిలు! కెమిస్టు ఇది కనిపెట్టినందుకే చంపేసి ఉంటారు.

"ఆపకండి!"

ఫోర్‌మన్ వేళ్ళు స్విచ్ మీదే బిగుసుకుపోయాయి. పంపు ఆగి ఉంటే, అసలు మందు లేని ఆయిల్లో లైన్ పొడవునా మైనం దిమ్మకట్టేది. ఊళ్ళో దీపాలతో పాటు ఇంక్యుబేటర్ కూడా ఆరిపోయేది. బాంబు గింబు ఏమీ లేదు.

గుమ్మంలో నెమలి పిస్టల్ తీసింది. డేగ విసిరిన కుర్చీ తగిలి అది ఎగిరిపడింది. సెక్యూరిటీవాళ్ళు ఆమెను పట్టుకున్నారు.

"నన్నెప్పుడు అనుమానించారు?"

"అనుమానించలేదు. అదే నా ఏడుపు."

డేగ పడిపోయిన కుర్చీని లేపి కూర్చున్నాడు. మేనకోడలి ముఖం ఇంకా చూడనేలేదు. చూడకముందే చంపబోయాడు.

గుండీలో చీఫ్ గొంతు గరగరలాడింది. "శభాష్! ఇంతకీ ఆ బాంబు దొరికిందా?"

"దొరికింది సార్. నేనే. ఇక్కడికి టికెట్టు మీరే కొనిచ్చారు."